మాస్టారి నోట్సులో కామేశ్వరి

రాజాంలో పాలకొండ రోడ్డు మీంచి లోపలికి వెళ్ళే ఆ సందులో, పొద్దున్న ఆరు గంటలకే ఇంగ్లీషు వినబడే ఇల్లు ఒక్కటే. అది జానకిరామయ్య మాస్టారిది. హైస్కూల్లో ఇంగ్లీషు చెప్పి రిటైరై నాలుగేళ్ళయింది. ఖాళీగా కూర్చోలేక ముందు గదిలో తెల్ల బోర్డు ఒకటి తగిలించి, స్పోకెన్ ఇంగ్లీషు క్లాసు పెట్టారు. డిగ్రీ పిల్లలు, ఒకరిద్దరు నర్సులు, బయ్యర్లతో ఫోన్లో మాట్లాడాలని సరదాపడే రైసుమిల్లు మురళీమోహన్ గారు, అంతా కలిపి ఇరవై మంది దాకా వస్తారు.

ఆయన పాఠం చెప్పే పద్ధతి వేరు. గ్రామరు జోలికి పోరు. "తెలుగులో మనం ఏమంటాం? అదే సందర్భంలో ఇంగ్లీషువాడు ఏమంటాడు?" ఇంతే. పుస్తకాల్లోని ఉదాహరణలకు ప్రాణం ఉండదని ఆయన నమ్మకం. అందుకని ఉదాహరణలన్నీ ఇంట్లోంచే తెచ్చేవారు. ఇంట్లో ఉన్నది ముగ్గురు. మాస్టారు తన మీద తాను జోకులేసుకునే మనిషి కాదు. కూతురు చరిత జూనియర్ కాలేజీలో లెక్కలు చెబుతుంది, ఒక మాటంటే రెండు మాటలు వడ్డిస్తుంది. ఇక మిగిలింది భార్య కామేశ్వరి. ఆవిడకి ఇంగ్లీషు రాదు.

ఒక రోజు పాఠం శ్రావణి ప్రశ్నతో మొదలైంది. డిగ్రీ అయిపోయి, ఇంటర్వ్యూలకు విశాఖపట్నం తిరుగుతున్న పిల్ల.

"సార్, ఎవులైనా తెలివితక్కువ పని సేస్తే ఇంగ్లీషులో ఎలగ తిట్టాలి సార్? నేను 'యూ హావ్ నో బ్రెయిన్' అంటే మా బావ పడీ పడీ నవ్వుతన్నాడు."

"ముందు ఆ 'సేస్తే', 'ఎలగ' మానెయ్. 'చేస్తే', 'ఎలా' అను," అన్నారు మాస్టారు మార్కరు తీస్తూ. "ఇంగ్లీషువాడు ఎదుటివాడికి బుర్ర లేదనడు. ఆ పని చేసేటప్పుడు నీ ఆలోచన ఎక్కడుందీ అని అడుగుతాడు. రాసుకోండి. ఇందులో మూడు మెట్లున్నాయి."

బోర్డు మీద మూడు వాక్యాలు పడ్డాయి. చిన్న పొరపాటుకి, నొప్పి తెలియకుండా అనాలంటే, దట్ వాజ్ ఎ బిట్ సిల్లీ. దగ్గరవాళ్ళని నిలదీయాలంటే, వాట్ వర్ యూ థింకింగ్? అన్నీ తెలిసిన మనిషి తెలియనట్టు చేస్తే, యూ షుడ్ హావ్ నోన్ బెటర్.

"ఈ మూడోది జాగ్రత్తగా వాడాలి. గట్టిగా తగులుతుంది," అని ఆయన చెబుతుండగానే లోపలి గుమ్మంలోంచి కామేశ్వరి కాఫీ గ్లాసుతో వచ్చింది. బల్ల మీద అప్పటికే రెండు గ్లాసులున్నాయి. ఒకటి తాగినది, రెండోది ముట్టనిది. ఆవిడ మూడో గ్లాసు వాటి పక్కనే పెట్టి, "సల్లారిపోతాది, తాగీయండి," అంది.

మాస్టారు చేతులు కట్టుకుని పిల్లల వైపు తిరిగారు. కళ్ళలో ఆ మెరుపు వాళ్ళకి బాగా తెలుసు.

"చూశారా, ఉదాహరణ తనే నడిచొచ్చింది. అరగంటలో మూడో కాఫీ! ఇప్పుడు మనం ఏమనాలి?"

"వాట్ వర్ యూ థింకింగ్, మేడమ్!" అని ఇరవై గొంతులు ఒక్కసారి లేచాయి. వెనక బెంచీలో ఎవరో ఫోను ఎత్తి వీడియో తీశారు. అందరూ నవ్వుతుంటే కామేశ్వరి కూడా నవ్వింది. ఎందుకో తెలియకపోయినా, పదిమంది నవ్వే చోట తానొక్కతే ముఖం ముడుచుకోవడం బాగుండదని నవ్వింది. తర్వాత మెల్లగా మూడు గ్లాసుల వైపూ చూసింది. ఆ చూపులో ఉన్నది సిగ్గు కాదు, భయం.

ఆ భయం కనిపెట్టింది చరిత ఒక్కతే. దువ్వెన చేత్తో పట్టుకుని లోపలి గుమ్మంలో నిలబడి ఉంది. క్లాసు అయ్యేదాకా ఆగింది.

"నాన్నా, అమ్మని క్లాసులో అలా అనకండి."

"ఏమన్నానే? ఆవిడే నవ్వింది."

"అమ్మకి ఏదో అవుతోంది. మొన్న కుక్కరు స్టవ్వు మీద పెట్టి, కింద వెలిగించలేదు. నిన్న నా పేరు కోసం వెతుక్కుంది, నాన్నా. 'ఒసే, ఒసే' అంటోంది గానీ పేరు రావట్లేదు."

"మీ అమ్మకి మతిమరుపు పెళ్ళినాటినుంచీ ఉంది. చెప్పుల జత మార్చుకుని వేసుకుని పెళ్ళిపీటల దాకా వచ్చిన మనిషి. దానికి నువ్వు కొత్తగా పేరు పెట్టకు," అని మాస్టారు పేపరు తెరిచారు.

నిజానికి ఆయన చెడ్డమనిషి కాదు. రాజాం పక్క పల్లెలో పొలం పనులు చేసుకునే ఇంట్లో, మొదటిసారి చదువుకున్నవాడు. ట్రైనింగు కాలేజీలో మొదటి రోజు లేచి నిలబడి తన యాసలో ఇంగ్లీషు మాట్లాడితే క్లాసంతా నవ్వింది. ఆ నవ్వు ఆయన్ని నలభై ఏళ్ళు తరిమింది. 'ఏటి'ని 'ఏమిటి' చేసుకున్నారు, 'సూడు'ని 'చూడు' చేసుకున్నారు, ఇంట్లో కూతుర్ని కూడా అలాగే పెంచారు. నలుగురూ నవ్వుతున్నప్పుడు తాను నవ్వించేవాడిగా ఉండాలి గానీ నవ్వులపాలయ్యేవాడిగా ఉండకూడదనుకున్నారు. ఆ నవ్వులపాలయ్యే పని ఇంట్లో ఇంకెవరికి పడిందో ఆయన చూసుకోలేదు. చదువుకున్నవాడు కనుక ఆ మాత్రం చూసుకోవలసింది. ఈ కథ చెబుతున్న నాకు ఆయన మీద కోపం అక్కడే.

నాలుగు రోజుల తర్వాత, ఆదివారం పొద్దున్న పది గంటలప్పుడు ఎదురింటి జగ్గమ్మ వీధిలోంచే కేకేసింది.

"మాస్టారో! ఓ మాస్టారా! బేగి రండి బాబూ! మీ ఆవిడ మా గుమ్మంకాడ నిలబడి తలుపు తియ్యమంటన్నాది. ఇది మా ఇల్లమ్మా అంటే, 'నువ్వెవులివి, మా ఇంట్లోన నీకేటి పని' అని నన్నే అడుగుతన్నాది!"

మాస్టారు, చరిత పరుగెత్తారు. కామేశ్వరి జగ్గమ్మ గుమ్మం గొళ్ళేన్ని రెండు చేతులా పట్టుకుని ఉంది. కూరలకని తీసుకెళ్ళిన చేతిసంచీలో ఏమీ లేదు. వీధిలో అటూ ఇటూ జనం పోగయ్యారు. వాళ్ళలో ఒక కుర్రది, మాస్టారి క్లాసు పిల్లే, అలవాటు కొద్దీ కిసుక్కుమంది. "వాట్ వర్ యూ థింకింగ్, మేడమ్?" అని పక్కపిల్ల చెవిలో అంది. చెవిలో అన్నా అందరికీ వినబడింది.

కామేశ్వరి ఆ పిల్ల వైపు తిరిగి, చేతులు జోడించింది.

"తప్పయిపోయింది తల్లీ. నవ్వకండమ్మా," అంది.

జగ్గమ్మకి ఏడుపొచ్చేసింది. కామేశ్వరి చేతులు గొళ్ళెం మీంచి ఒక్కొక్క వేలే విడదీసి, "నీదేనమ్మా ఈ ఇల్లు, నీదే. రా, లోనికి రా, మంచినీలు తాగుదువు గాని," అని పిలుచుకుపోయింది. మాస్టారు వీధి మధ్యలో నిలబడిపోయారు. ఆ కుర్రది తలొంచుకుని గబగబా వెళ్ళిపోయింది. తనకి మాస్టారు నేర్పిన వాక్యాన్ని తప్పులేకుండా, సరైన సందర్భంలో వాడింది.

మర్నాడే విజయనగరం తీసుకెళ్ళారు. నరాల డాక్టరమ్మ చిన్న వయసుదే గానీ తొందరపడే మనిషి కాదు. కామేశ్వరికి ఒక కాగితం, పెన్ను ఇచ్చి గడియారం బొమ్మ వేసి పది గంటల పది నిమిషాలు చూపించమంది. కామేశ్వరి గుండ్రంగా గీసింది. పన్నెండు అంకెలూ ఒకే పక్కకి ఒరిగిపోయేలా రాసింది. ముళ్ళు ఎక్కడ పెట్టాలో తెలియక పెన్ను గాల్లో ఉంచి భర్త ముఖంలోకి చూసింది. ముప్పై ఆరేళ్ళ కాపురంలో ఏది తెలియకపోయినా చూసినట్టే చూసింది. మాస్టారు చూపు తిప్పుకున్నారు.

"పాసయ్యేనా డాక్టరమ్మా?" అని అడిగింది కాగితం ఇస్తూ.

"బాగా వేశారమ్మా," అంది డాక్టరమ్మ. ఆవిడని నర్సుతో బయట కూర్చోబెట్టి తలుపు వేసింది. "మొదటిసారి ఎప్పుడు గమనించారు?"

"ఈ మధ్యనేనండి. రెండు మూడు నెలలు," అన్నారు మాస్టారు.

"ఇప్పుడున్న స్థితి చూస్తే అంతకు చాలా ముందే మొదలై ఉండాలి. స్కానింగు, రక్తపరీక్షలు చేద్దాం. వేరే కారణాలేమైనా ఉంటే తెలుస్తాయి. కానీ నా అనుమానం చెప్పేస్తాను. ఇది పూర్తిగా తగ్గే జబ్బు కాదు. మొదట్లో పట్టుకుంటే మందులతో కొన్నాళ్ళు నెమ్మదిగా నడిపించొచ్చు. మీరు ఇంటికెళ్ళి, ఏది ముందు మర్చిపోయారు, ఏది తర్వాత, ఏ నెలలో అన్నది గుర్తున్నంతవరకు రాసి తెండి. నాకు చాలా పనికొస్తుంది."

బస్సులో కామేశ్వరి కిటికీ పక్కన కూర్చుని గరివిడి దాకా పొలాలు చూసి, తర్వాత చరిత భుజం మీద తలవాల్చి నిద్రపోయింది. ఇంటికి వచ్చి అన్నం తిని మళ్ళీ పడుకుంది. మాస్టారు తెల్లకాగితం ముందు పెట్టుకుని కూర్చున్నారు.

"ఎక్కణ్ణుంచి రాయాలే? నాకేం గుర్తున్నాయి?"

చరిత ముందు గదిలోకి వెళ్ళి అలమారా తెరిచింది. మాస్టారి పాఠాల నోట్సులు అక్కడ వరసగా ఉన్నాయి, నాలుగేళ్ళవి, ఏడు పెద్ద పుస్తకాలు. ప్రతి పేజీలో తేదీ, తెలుగు మాట, సహజమైన ఇంగ్లీషు, పక్కన ఎర్ర సిరాతో 'సందర్భం'. ఏడు పుస్తకాలూ తెచ్చి ఆయన ముందు పెట్టింది.

"అన్నీ ఇందులో ఉన్నాయి నాన్నా. తారీఖులతో సహా."

మాస్టారి ముఖం ఒక్క క్షణం వెలిగింది. "అవునే! చూశావా, రాసిపెట్టుకోవడం ఎంత మంచిదో," అన్నారు. ఆ మాట అన్నందుకు తర్వాత ఎన్నిసార్లు నాలుక కొరుక్కున్నారో.

చరిత చదవడం మొదలుపెట్టింది. ఆయన కాగితం మీద రాసుకుంటున్నారు.

"పోయిన కార్తీకం. సందర్భం, భార్య సోమవారం ఉపవాసం ఉండి, ఉన్నానని మర్చిపోయి అన్నం తినేసినప్పుడు. దట్ వాజ్ ఎ బిట్ సిల్లీ." పేజీ తిప్పింది. "పోయిన వేసవి. భార్య ఆవకాయలో ఉప్పు రెండుసార్లు వేసి జాడీ అంతా పాడుచేసినప్పుడు. అంతకుముందు శ్రావణం. మురళీమోహన్ గారింట్లో పెళ్ళికి మంగళహారతి పాడుతూ భార్య మధ్యలో ఆపేసినప్పుడు. దాని కింద రాశారు, 'క్లాసు బాగా నవ్వింది' అని."

"చాలు," అన్నారు మాస్టారు.

"డాక్టరమ్మ మొత్తం అడిగింది కదా." చరిత పేజీ మీంచి తలెత్తింది. "ఆ పెళ్ళి నాకు గుర్తుంది. వీధిలో ఎవరింట పెళ్ళయినా హారతికి అమ్మనే పిలిచేవారు. ఆ రోజు పాట ఆగిపోయాక పళ్ళెం అలాగే పట్టుకుని నిలబడిపోయింది. ఆ తర్వాత ఎవరు పిలిచినా జలుబు చేసిందని వెళ్ళలేదు. మనం జలుబే అనుకున్నాం."

మూడో పుస్తకంలో ఒక పేజీ దగ్గర చరిత ఆగిపోయింది. పుస్తకం తండ్రి వైపు తిప్పి, వేలు పెట్టి చూపించింది.

రెండేళ్ళ మూడు నెలల కిందటి తేదీ. అక్షరాలు ఆయనవే, గుండ్రంగా, ఒక్క కొట్టివేత లేకుండా ఉన్నాయి.

సందర్భం: భార్య తన మాటల్లో, 'నా బుర్రకేటో అవుతన్నాదండీ, అన్నీ మర్సిపోతన్నాను, భయమేస్తన్నాది, డాక్టరుకి సూపించండి' అన్నప్పుడు. సహజమైన ఇంగ్లీషు: డోంట్ బి రిడిక్యులస్.

యాస కూడా వదలకుండా రాశారు. యాసలో ఉంటే పిల్లలు ఎక్కువ నవ్వుతారని.

మాస్టారికి ఆ రోజు గుర్తొచ్చింది. వంటింటి గుమ్మం పట్టుకుని నిలబడి, గొంతు తగ్గించి అడిగింది. వెర్రిమాటలు మాట్లాడకు అని తాను ఇంగ్లీషులో జవాబు చెప్పారు. అదేమిటో తెలియక, "అయితే తీసుకెల్తారా?" అంది. తాను నవ్వి, నోట్సు కోసం వెళ్ళారు.

"అమ్మ మళ్ళీ ఎప్పుడైనా అడిగిందా నాన్నా?"

ఆయన పుస్తకం లాక్కుని పేజీలు తిప్పడం మొదలుపెట్టారు. నాలుగోది, ఐదోది, ఆరోది, ఏడోది. ప్రతి పేజీలోనూ కామేశ్వరి ఉంది. పోపు మాడ్చిన కామేశ్వరి, దారి తప్పిన కామేశ్వరి, చీర తిరగేసి కట్టుకున్న కామేశ్వరి. డాక్టరు దగ్గరికి తీసుకెళ్ళమని అడిగిన కామేశ్వరి మాత్రం మళ్ళీ ఎక్కడా లేదు. ఒక్కసారే అడిగింది.

"ఆ రోజు బోర్డు మీద మూడు మెట్లు రాశారు కదా," అంది చరిత, కళ్ళు తుడుచుకోకుండానే. "అన్నీ తెలిసిన మనిషి తెలియనట్టు చేస్తే అనేది. అది ఎవరిని అనాలి నాన్నా? నాకైతే మిమ్మల్ని అనాలని లేదు. నేనూ ఈ ఇంట్లోనే ఉన్నాను. నేనూ జలుబే అనుకున్నాను. కానీ మీరు చూశారు. రోజూ చూశారు. చూసి రాసుకున్నారు. ఇంత బాగా చూసిన మనిషికి ఎలా కనబడలేదు?"

జవాబు చెప్పడానికి మాస్టారు నోరు తెరిచారు. నలభై ఏళ్ళుగా కడిగి కడిగి శుభ్రం చేసుకున్న భాషలో ఒక్క మాట కూడా అందలేదు.

"ఏటి సేసీసేనే నేను," అన్నారు. "ఏటి సేసీసేనే, తల్లీ."

చరితకి తండ్రి అలా మాట్లాడగా వినడం అదే మొదలు. కోపం ఎక్కడికి పోయిందో తెలియలేదు. దగ్గరికొచ్చి ఆయన భుజం మీద చెయ్యి వేసింది.

సాయంత్రం ఎండ దిగాక కామేశ్వరి లేచి, మొహం కడుక్కుని, వీధి వరండాలో కుర్చీలో కూర్చుంది. చరిత జడ వేసి, చిక్కుడుకాయల చేట ఒళ్ళో పెట్టి లోపలికి వెళ్ళింది. ఆవిడ వేళ్ళకి ఆ పని గుర్తుంది. ఈనె తీసి, తుంచి, చేటలో వేస్తోంది. మాస్టారు వచ్చి ఆవిడ కాళ్ళ దగ్గర, కింద గచ్చు మీద కూర్చున్నారు.

"అయ్యో, కిందేటి? కుర్సీ ఉన్నాది కదా," అంది.

"పర్వాలేదు. కామేశ్వరీ, నన్ను క్షమించు."

"దేనికండీ?"

దేనికో చెప్పాలి కదా. చెప్పకుండా క్షమించమంటే అది మళ్ళీ మోసమే. తెచ్చుకున్న పుస్తకం తెరిచి ఆయన ఒక్కొక్కటే చెప్పడం మొదలుపెట్టారు. ఇంగ్లీషు వదిలేసి, జరిగింది జరిగినట్టు తెలుగులో చెప్పారు. ఒకావిడ ఉపవాసం ఉన్నానని మర్చిపోయి అన్నం తినేసింది. ఆవకాయలో రెండుసార్లు ఉప్పు వేసింది. నువ్వే అని చెబుదామనుకుంటూనే, ధైర్యం చాలక 'ఒకావిడ' అన్నారు.

కామేశ్వరి ఆసక్తిగా వింది. ఆవకాయ దగ్గర నవ్వింది కూడా. నుదుటి మీద చేత్తో కొట్టుకుని, "అమ్మ, జాడీ మొత్తం పోనాదా!" అంది. హారతి పాట మధ్యలో ఆగిపోయిన సంగతి చెప్పేసరికి నవ్వు ఆపేసింది. చేతిలో చిక్కుడుకాయ అలాగే ఉండిపోయింది.

"పెల్లిలోనా? అందరి ముందరా?"

"అవును."

"పాపం. ఎంత సిగ్గుపడిపోయిందో," అంది. కొంచెంసేపు ఆలోచించింది. "ఆవిడికి ఒంట్లో బాగోలేదేమోనండీ. బుర్రకేటైనా అయ్యిందేమో. మరి ఇంట్లోన ఎవులూ లేరా?"

"ఉన్నాడు," అన్నారు మాస్టారు. "మొగుడున్నాడు."

"మరి ఏటి సేస్తన్నాడు?"

"నవ్వుతున్నాడు కామేశ్వరీ. పదిమందినీ పోగేసి నవ్విస్తున్నాడు."

కామేశ్వరి ముఖం చిన్నబోయింది. వీధిలోకి చూసింది. తర్వాత ముందుకు వంగి, ఎవరికీ వినబడకూడని రహస్యం చెబుతున్నట్టు గొంతు తగ్గించి అంది.

"అలగ నవ్వొద్దని మీరొక మాట సెప్పండి. మీరు మాస్టారు కదా. మీరు సెప్తే వింటాడు."

ఆయన ఆవిడ మోకాళ్ళ మీద తలపెట్టుకుని భోరుమన్నారు. చేట ఒరిగి చిక్కుడుకాయలు గచ్చంతా దొర్లాయి. లోపల్నుంచి చరిత గుమ్మం దాకా వచ్చి అక్కడే ఆగిపోయింది. కామేశ్వరికి ఆ ఏడుపు ఎందుకో అర్థం కాలేదు. కంగారుగా వీధి అటూ ఇటూ చూసింది. పక్కవీధి పిల్లలెవరో సైకిళ్ళ మీద ఇటే వస్తున్నారు.

"ఊరుకోండి. ఎవులైనా సూస్తే నవ్వుతారు," అని, ఆయన ముఖం వాళ్ళకి కనబడకుండా తన చీరకొంగు కప్పేసింది.